రెండున్నర ఎవరిది

"పాప తుడిచిందా?" అని అడిగింది వదిన.

"అయ్యుంటుంది," అన్నారు మా ఆయన. స్పానర్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి సంచిలో వేసుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"అది నా మోకాలంత లేదు. బోర్డేమో నా నడుము దగ్గర మొదలవుతుంది. నిచ్చెన కూడా తనే తెచ్చి వేసుకుందా?"

"వేసుకుంటుందక్కా. మేనత్త పోలిక. పట్టుకుందంటే వదలదు."

వదిన నవ్వలేదు. తమ్ముడి మాటకి అక్క నవ్వలేదంటే మా ఇంట్లో మబ్బు పట్టినట్టే. టీ కప్పు చేతిలో పట్టుకుని ముందుగది గోడకేసి చూస్తూ నిలబడే ఉంది. నిన్న సాయంత్రం దాకా ఆ గోడ మీది నల్లబోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లటి రాతలతో నిండి ఉండేది. ఇప్పుడు కడిగిన పెనంలా ఉంది.

"నేనే తుడిచాను వదినా," అన్నాను వంటింటి గుమ్మంలోంచి. "సుద్దపొడికి పాప దగ్గుతోందని."

పాప దగ్గిన మాట నిజమే. బుధవారం, ఒకే ఒక్కసారి. అదీ నీళ్ళు తాగుతూ.

"నాతో చెప్పొచ్చుగా."

"రాత్రి పొద్దుపోయేదాకా మీరు ఇంట్లో లేరు."

"ఫోనుంది."

వదిన బోర్డు మీద వేలితో గీసి, ఆ వేలు చూసుకుంది. పొడి అంటలేదు.

"తడిగుడ్డతో తుడిచావు. ఒకసారి కాదు, రెండుసార్లు. మూలలు కూడా వదల్లేదు." కిటికీ వైపు తిరిగింది. "ఇంత శ్రద్ధగా ఆ కిటికీ అద్దాలు తుడిచి ఉంటే ఈపాటికి వీధి కనపడేది."

కప్పు కిటికీ గట్టు మీద పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వేయలేదు. గట్టిగా వేసినా బాగుండేది.

అది మామూలు బోర్డు కాదు. వదిన కాలేజీలో లెక్కలు చెబుతుంది. కాలేజీకి శనివారం తాళం కనుక, ఆవిడ అధ్యయన బృందం మా ముందుగదిలో కూర్చుంటుంది. తలో చదువూ చదివిన ముగ్గురు ఒకే చిక్కు మీద తలలు పెట్టడం వాళ్ళ పద్ధతి. ఒక వీధిలో జ్వరాలు మొదలైతే పక్క వీధిని వదిలేసి ఆ పై వీధిలో ఎందుకు తేలుతున్నాయన్నది ఇప్పటి చిక్కు. దోమలు ఎలా తిరుగుతాయో, ఎంత తిరుగుతాయో బోర్డు మీద లెక్క కట్టారు. నాలుగు శనివారాల పని. బోర్డును ఫోటో తీయకూడదని కూడా వాళ్ళకో నియమం ఉంది. ఫోటో ఉంటే ఎవరూ బుర్రలో పెట్టుకోరట. ఈ రోజు అందరూ కూర్చుని దాన్ని కాగితం మీదికి ఎత్తాలి. సోమవారం పరిశోధకుల పెద్ద సభలో వదిన దాన్ని చదవాలి.

పాపను చంకనేసుకుని మా ఆయనను బాల్కనీలోకి లాగాను.

"ఒక మాట చెప్తాను. అరవకూడదు."

"నేనెప్పుడరిచాను?"

"నవ్వకూడదు కూడా."

"అది మాటివ్వలేను."

చెప్పాను. మూడు వారాల కిందట పాపకు జ్వరం వచ్చిన రోజు గుర్తుందా అన్నాను. డాక్టరుగారు ఫోనులో మందు ఎంత పట్టాలో చెబుతుంటే నా చేతికి కాగితం దొరకలేదు, పెన్ను దొరకలేదు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో కాలిపోతున్న పిల్ల. సుద్దముక్క మాత్రం ఎదురుగా ఉంది. బోర్డు మూల కాస్త ఖాళీ కనిపిస్తే అక్కడ 2.5 అని రాసి, మర్చిపోకుండా చుట్టూ సున్నా చుట్టాను. రెండున్నర మిల్లీ. మూడు రోజుల్లో జ్వరం తగ్గింది. మందు సీసా అయిపోయింది. అంకె మాత్రం అలాగే ఉండిపోయింది.

"ఉంటే?"

"ఎవరో దాని పక్కన ఒక గ్రీకు అక్షరమూ, సమానం గుర్తూ పెట్టారు. నిన్న వదిన నన్ను కూర్చోబెట్టి సోమవారం చెప్పేదంతా ఒకసారి చెప్పి చూసుకుంది. 'ఒక దోమ సగటున రెండున్నర ఇళ్ళు తిరుగుతుంది, మా లెక్కంతా దీని మీదే నిలబడింది' అని వేలు పెట్టి చూపించింది. చూస్తే అది నా రెండు. తోక మెలి తిప్పిన రెండు. మా బళ్ళో అలాగే నేర్పారు."

మా ఆయన బాల్కనీ పిట్టగోడ పట్టుకున్నారు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత ఆరేసిన దుప్పటిలో మొహం పెట్టుకుని నవ్వారు. పాప కూడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా.

"ఊళ్ళో దోమలన్నిటికీ మన పిల్ల మందు పట్టారన్నమాట."

"నవ్వొద్దన్నానా?"

దుప్పటి తీసేసరికి ఆయన మొహంలో నవ్వు లేదు. "సోమవారం అక్క దీన్ని అందరి ముందూ చదువుతుందా?"

"చదువుతుంది."

"మరి తుడిస్తే పోతుందనుకున్నావా? అంకె గోడ మీదుందా, వాళ్ళ బుర్రల్లో ఉందా?"

"నిన్న సాయంత్రం గోడ మీదే ఉందనిపించింది."

"వెళ్ళి చెప్పేయ్."

"మీరు చెప్పండి."

"నేను చెబితే వేళాకోళమనుకుంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ నేను చెప్పింది ఏదీ నమ్మలేదావిడ." సంచి భుజానికి తగిలించుకున్నారు. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. శనివారం కూడా ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటారు. "లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్ళు ఏం చేస్తారో తెలుసా? ఉన్న బటన్లన్నీ నొక్కుతారు. గంట బటను ఒక్కటి తప్ప. అది నొక్కితే పదిమందికీ తెలుస్తుందని సిగ్గు."

"నా బాధ మీకు లిఫ్టులా ఉంది."

"నాకన్నీ లిఫ్టులానే ఉంటాయి. పాపకి ఇంకో సాక్సు ఏది?"

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా అక్కడే నిలబడ్డాను. పాప నుదురు తాకి చూశాను. చల్లగానే ఉంది. మళ్ళీ చూశాను.

నా భయం వదిన తిడుతుందని కాదు. తిట్లు తినడం నాకు కొత్త కాదు. భయమంతా కుర్చీ గురించి.

ఆ బృందంలో మూడు కుర్చీలు చదువుకున్నవాళ్ళవి, నాలుగోది నాది. దాన్ని అడిగే కుర్చీ అంటారు. ఏ చదువూ లేని మనిషి అందులో కూర్చోవాలి. అర్థం కాని చోట చెయ్యెత్తి ఆపాలి. అప్పుడు ఎంత పెద్దవాళ్ళైనా సరే, వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాలి. ఒకరి చదువు ఒకరికి తెలియని చోట తెలిసినట్టు తలూపడం పెద్ద జబ్బని, దానికి ఇదే విరుగుడని వదిన అంటుంది. తొమ్మిదో తరగతి సగంలో అమ్మ మంచాన పడితే బడి మానేసిన దాన్ని. చెయ్యెత్తితే ముగ్గురూ ఆగి నా వైపు చూస్తారని ఎన్నడైనా అనుకున్నానా? వారానికి రెండు గంటలు. ఆ రెండు గంటల కోసం శుక్రవారమే అంట్లన్నీ తోమేసుకుంటాను.

అలాంటి కుర్చీలో కూర్చుని నేనే ఒక దొంగ అంకెను వాళ్ళ లెక్కలోకి తోశాను. తెలిశాక రానిస్తారా?

పదింటికి బెల్లు మోగింది.

ముందు దోమల మాస్టారు వచ్చారు. పురుగుల శాస్త్రం ఆయన చదువు. దోమలకు తన చేయి తనే అందించి కుట్టించుకుంటారు, అందుకని మోచేతుల దాకా దద్దుర్లు. వెనకే సగటమ్మ. ఆ పేరు మా ఆయన పెట్టింది, ఆమెకు తెలియదు. నా ఈడుదే. ఇంటింటికీ తిరిగి జ్వరాల వివరాలు పోగుచేసి, సగటు తీసి, గీతలు గీస్తుంది. చెప్పులు కూడా గళ్ళు గీసినట్టు పక్కపక్కన సర్ది లోపలికొస్తుంది.

ఇద్దరూ బోర్డు చూసి ఆగిపోయారు.

"ఇదేంటమ్మాయ్, సున్నం కొట్టించాలా?" అన్నారు మాస్టారు.

"పాపకి దగ్గండి," అన్నాను.

వదిన గదిలోంచి వచ్చింది. మొహం కడుక్కుంది. చేతిలో తెల్లకాగితాలు. నా వైపు చూడకుండా తలా ఒకటి ఇచ్చింది.

"పోయిందేదో పోయింది. ఎవరికి గుర్తున్నది వాళ్ళు రాయండి. పక్కవాళ్ళది చూడొద్దు. తర్వాత మూడూ పక్కపక్కన పెడదాం."

"ఈ వయసులో పరీక్ష పెట్టావా?" అని మాస్టారు గొణిగారు. అయినా కళ్ళజోడు సవరించుకుని కూర్చున్నారు.

అరగంట సేపు గదిలో పెన్నుల చప్పుడే. నేను అడిగే కుర్చీలో కూర్చోలేదు. చాప మీద పాపతో కూర్చున్నాను. వదిన అది చూసింది.

ఆ మూల మాత్రం మర్చిపోతే బాగుండు అని కోరుకున్నాను. ముగ్గురూ మూడు చదువులవాళ్ళు. ముగ్గురికీ ఒకే చోట మతిమరుపు రాకూడదా?

మూడు కాగితాలూ బల్ల మీద పెట్టారు. దోమల ఆయుష్షు దగ్గర మాస్టారిదీ సగటమ్మదీ తేడా వచ్చింది, సర్దుకున్నారు. వీధుల వెడల్పు దగ్గర వదినే తప్పు రాసింది, కొట్టేసింది. కింద మూల మాత్రం మూడు కాగితాల్లోనూ ఒకటే. 2.5. మాస్టారైతే చుట్టూ సున్నా కూడా చుట్టారు.

"అమ్మయ్య, ముఖ్యమైనది అందరికీ గుర్తుంది," అంది వదిన. పొద్దుటి నుంచి మొదటిసారి ఆవిడ గొంతులో కాస్త తడి వచ్చింది. "సభలో అడుగుతారు, దీనికి ఆధారం ఏమిటని. మాస్టారూ, మీరు ఏ ఊళ్ళో కొలిచారో ఒక్క ముక్క రాసివ్వండి."

"నేనెక్కడ కొలిచాను?"

"రెండున్నర ఇళ్ళు. మీ దోమలు."

"దోమలు నావే. అంకె నాది కాదు. అది ఈ అమ్మాయి ఇంటింటి లెక్కల్లోంచి తీసింది కదా?"

సగటమ్మ పెన్ను ఆపింది. "నేను తీయలేదండి. జ్వరాలు లెక్కపెట్టాను గానీ దోమ వెంట ఇంటింటికీ నేనెందుకు తిరుగుతాను? అది మేడమ్ సమీకరణంలోంచి వచ్చిందనుకున్నాను."

"సమీకరణంలోంచి రాదు. సమీకరణంలోకి వెళ్తుంది," అంది వదిన నెమ్మదిగా.

వీధిలో ఎవరో బండి స్టార్టు చేయబోయి, కాక, మళ్ళీ చేయబోయారు.

"ఆ గ్రీకు అక్షరం పెట్టింది మీరే కదా మేడమ్?"

"అంకె అక్కడుందని పెట్టాను. మీ ఇద్దరిలో ఒకరు రాశారనుకుని."

"అడగొచ్చుగా."

"నువ్వు అడిగావా?"

"మీది అనుకుంటే ఎలా అడుగుతాను?"

"అందరూ పల్లకీ ఎక్కి కూర్చున్నాం," అన్నారు మాస్టారు మోచెయ్యి గోక్కుంటూ. "మోసేవాడు ఎవడో ఇప్పుడు వెతుకుతున్నాం."

"అయినా అంకె తప్పయితే గీత అంత బాగా ఎలా కుదిరింది?" అంది వదిన. సగటమ్మనే అడిగింది, కానీ బతిమాలినట్టుంది.

సగటమ్మ చాలాసేపు తన కాగితం చూసుకుంది. "కుదరక ఏం చేస్తుంది మేడమ్. రెండున్నర కదలదు అనుకుని, దానికి సరిపోయేలా మిగతా అంకెలన్నీ జరుపుకుంటూ వచ్చాం. స్తంభం ఒకటి పాతేశాక పందిరి దాని చుట్టూనే కదా వేస్తాం."

వదిన కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత ఆవిడ చాప వైపు తిరిగింది.

"నువ్వు," అంది. "సుద్దముక్క అరిగిందంటే కూడా ఎందుకని ఆపుతావు. దోమ ఆడదైతేనే ఎందుకు కుడుతుందని ఒక పూటంతా మాస్టారిని నిలబెట్టావు. దీని దగ్గర ఎందుకు ఆపలేదు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేయి దానంతటదే పాప నుదుటి మీదికి వెళ్ళింది.

"అది మందు వదినా."

"ఏం మందు?"

"పాప జ్వరం మందు. రెండున్నర మిల్లీ. డాక్టరుగారు చెబుతుంటే కాగితం దొరక్క అక్కడ రాశాను. మీరెప్పుడూ ఆ గ్రీకు అక్షరం పేరే అనేవారు, నా అంకెను వాడుకుంటున్నారని నాకు తెలీదు. నిన్న మీరు చదువుతుంటేనే తెలిసింది." ఇక దాచి లాభం లేదు. "దగ్గు కోసం తుడవలేదు. మీరు చూస్తారని తుడిచాను."

మాస్టారు ముక్కులోంచి ఒక చప్పుడు చేశారు. నవ్వో తుమ్మో తెలియలేదు. సగటమ్మ ఆయన వంక చూసింది. ఆవిడ పెదాలు కూడా వణికాయి. మరుక్షణం ఇద్దరూ నవ్వేశారు. మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"ఆరు గంటలకోసారి పట్టాలటమ్మా దోమకి?"

వదిన ఒక్కతే నవ్వలేదు. లేచి వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంది. పాప ఆవిడ గాజు పట్టుకుంది. విడిపించుకోలేదు.

"అంకె నువ్వు రాశావు. దాంట్లో నీ తప్పేం లేదు. పిల్ల కాలిపోతుంటే గోడ మీదే రాస్తారు ఎవరైనా. దాన్ని నెత్తిన పెట్టుకున్నది మేం ముగ్గురం. అది మా తప్పు."

నేను తలూపాను.

"కానీ తుడిచావు చూడు, అది నీది. నేను సోమవారం అంతమందిలో అది చదువుతానని తెలిసి కూడా పొద్దుటి నుంచి దగ్గు, దగ్గు అన్నావు. దానికి నాకు కోపంగా ఉంది. సాయంత్రానికి పోదది. రేపటికి కూడా పోకపోవచ్చు."

"సరే వదినా."

"సరే అనకు. ఏదైనా అడుగు."

గొంతులో ఉన్నదొకటే ప్రశ్న. అదే అడిగాను.

"కుర్చీలో ఇంకెవర్ని కూర్చోబెడతారు?"

"ఎవరు చెప్పారు నిన్ను తీసేస్తామని?" అన్నారు మాస్టారు బల్ల దగ్గర్నుంచి. "ముగ్గురం చదువుకుని చేసిన నిర్వాకం చూశావుగా."

వదిన లేచి ఫోను అందుకుంది.

"సభవాళ్ళకి చేస్తున్నాను. పేర్ల జాబితా మధ్యాహ్నానికి మూసేస్తారట."

"మానేస్తామని చెప్పండి మేడమ్," అంది సగటమ్మ. "ఇంకో మూడు నెలలు పడుతుంది. ముందు మాస్టారు దోమల్ని కొలవాలి."

"కొలుస్తాను. కుట్టించుకోవడానికి చోటు కూడా మిగల్లేదు గానీ, కొలుస్తాను."

"మానం," అంది వదిన. "జ్వరాల లెక్క చెప్పం. ఇదే చెబుదాం. ముగ్గురు మూడు చదువులు చదివి, పక్కవాడికి తెలుసులే అనుకుని, మూడు వారాలు ఒక అంకెను ఎలా మోశారో."

"మన పరువు?" అంది సగటమ్మ.

"అక్కడికి వచ్చేవాళ్ళందరి బోర్డుల మీదా ఒక రెండున్నర ఉంటుంది. వెతుక్కుంటారు పాపం."

సగటమ్మ ఇంకేదో అనబోయింది. ఈలోగా అవతల ఫోను ఎత్తారు. వదిన మామూలు గొంతుతో మాట్లాడింది. అంశం మారిందని చెప్పింది. చెప్పేవాళ్ళు ఇద్దరని చెప్పింది. నేను పాప సాక్సు కోసం చాప కింద వెతుకుతున్నాను. ఇద్దరంటే ఆవిడా మాస్టారూ అనుకున్నాను.

ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగింది.

"నీ పేరు పక్కన ఏం రాయాలని అడుగుతున్నారు. ఏం చదివావని."

వెతుకుతున్న చేయి ఆగిపోయింది.

"నా పేరా?"

"ఆ అంకె ఎక్కడిదని సభలో ఎవరైనా అడిగితే నేనెలా చెప్తాను? రాసిన మనిషి చెప్పాలి. తుడిచిన మనిషి కూడా చెప్పాలి." గొంతులో కోపం అలాగే ఉంది, దాచుకోలేదు. "తొందరగా చెప్పు, లైన్లో ఉన్నారు."

"గృహిణి అని రాయించేయండి మేడమ్," అంది సగటమ్మ మెల్లగా. నా మీద జాలితోనే అంది.

"అడిగింది అది కాదు," అంది వదిన. కళ్ళు నా మీద నుంచి తీయలేదు.

ఆ గదిలో నా చదువు గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అడగరనే ధైర్యంతోనే అన్ని శనివారాలూ కూర్చున్నాను. ఇంటర్ అని చెప్పొచ్చు. అక్కడ ఎవరికి తెలుస్తుంది? నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"తొమ్మిదో తరగతి," అన్నాను. "సగం."

వదిన అరచెయ్యి తీసింది.

"రాసుకోండి. తొమ్మిదో తరగతి, సగం."

అవతల మాట ఆగిపోయింది. ఫోను ఆవిడ చెవి దగ్గరున్నా ఆ నిశ్శబ్దం నాకు చాప మీదికి వినిపించింది. మాస్టారు కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. పాప ఒక సాక్సుతో వదిన పాదం దాకా పాకింది. ఆవిడ అలాగే నిలబడి, గొంతు పెంచకుండా, తగ్గించకుండా అడిగింది.

"రాశారా?"